గడ్డి మందు కొనే ముందు: మొక్కలో అది ఎటు పోతుందో తేల్చుకోండి

మందుల కొట్లో గడ్డి మందు అడిగితే రెండు ప్రశ్నలు వస్తాయి. ఏం పైరు, ఎన్ని ఎకరాలు. అసలు అడగాల్సినది మూడోది: కొట్టిన మందు మొక్కలో ఎటు పోవాలి? గింజ నుంచి నిన్న మొలిచిన గలిజేరుకు, భూమిలో దుంప దాచుకున్న తుంగకు ఒకే మందు పనిచేయకపోవడానికి కారణం అక్కడే ఉంది. పక్క చేలో మొక్కజొన్నకు కొట్టిన మందు మన పత్తి చిగుళ్లను మెలితిప్పడానికీ కారణం అదే. సాయంత్రానికి ఆకు మాడిస్తేనే “గట్టి మందు” అనుకునే అలవాటు మనది. ఆకు ఎంత తొందరగా మాడితే మందు వేరు దాకా దిగే అవకాశం అంత తక్కువ.

## ముందు రెండు దారుల సంగతి

వేరు నుంచి ఆకుకు నీళ్లు మోసే గొట్టాలు ఒక వరస. బళ్లో చదివిన పేరు దారువు. ఆకులో తయారైన చక్కెరను మోసేవి ఇంకో వరస, పేరు పోషక కణజాలం. నీటి దారి ఒక్క దిక్కుకే పోతుంది, కింది నుంచి పైకి. ఆకులు ఆవిరి వదులుతున్నంతసేపే ఆ లాగుడు ఉంటుంది. చక్కెర దారి అలా కాదు. అవసరం ఎక్కడుంటే అక్కడికి పోతుంది: చిగురుకు, వేరు కొసకు, దుంపకు, గింజకు.

నమ్మకం కుదరకపోతే గట్టు మీది లేత గలిజేరు కొమ్మ కోసి, ఎర్ర సిరా కలిపిన నీళ్లలో ఎండకు నిలబెట్టండి. కాసేపటికి ఈనెలు ఎర్రబడతాయి. అదే కొమ్మను నీడలో, గాలి ఆడని చోట పెడితే రంగు ఎక్కడానికి చాలా ఆలస్యమవుతుంది. మొక్కజొన్నలో వాడే గడ్డి మందు అట్రజిన్‌ను వేరు తాగాక, అది పోయే దారి అచ్చంగా ఇదే. మబ్బు పట్టిన వారంలో అది నత్తనడక నడవడానికి కారణమూ ఇదే.

మొలక విషయంలో ఒక తేడా ఉంది. మొదటి కొద్ది రోజులు అది గింజలో ఉన్న తిండి మీదే బతుకుతుంది, ఆకు ఇంకా సంపాదన మొదలుపెట్టదు. అందుకే ముందటి పంటకు కొట్టిన అట్రజిన్ నేలలో మిగిలి ఉన్నా మినుము మొలక పచ్చగానే లేస్తుంది. మందు లేదని అనుకుంటాం. మొలక ఆకుల తర్వాత వచ్చే అసలు ఆకులు విచ్చుకుని, గింజలో నిల్వ అయిపోయాక ఆకు అంచులు పసుపు తిరగడం మొదలవుతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

కలుపు గింజ నుంచి వచ్చిందా, దుంప నుంచో వేరు ముక్క నుంచో వచ్చిందా అన్నది మొదటి ప్రశ్న. దుంపదైతే చక్కెర దారిన కిందికి దిగే మందే కావాలి, మిగతావన్నీ క్షవరం చేసినట్టే. రెండోది కలుపు వయసు: రెండు నుంచి నాలుగు ఆకుల దశ దాటితే పంటలో వాడే మందులు చాలావరకు తడబడతాయి. మూడోది నేలలో తడి. తడి లేకపోతే ఏ దారీ నడవదు. నాలుగోది గాలి వాలున ఏ పైరు ఉంది. ఐదోది, అందరూ మరిచేది, ఈ పంట తీశాక అదే నేలలో ఏం వేస్తున్నారు.

| మందు | మొక్కలో ప్రయాణం | దెబ్బ ముందు కనిపించే చోటు | ఎన్నాళ్లకు | ఎకరాకు |
|---|---|---|---|---|
| పెండిమిథాలిన్ 30% | దాదాపు కదలదు, వేరు కొస, మొలక మెడ దగ్గరే | వేళ్లు మొండిబారడం | మొలిచేటప్పుడే | 1–1.3 లీటర్లు |
| అట్రజిన్ 50% పొడి | నీటితో పైకి మాత్రమే | ముదురు ఆకుల అంచులు | 7–15 రోజులు | 800 గ్రాములు–1.2 కిలోలు |
| పారాక్వాట్ 24% | తగిలిన చోటే | చుక్క పడ్డ ప్రతి చోటా | ఎండలో కొన్ని గంటలు | 1 లీటరు |
| 2,4-డి సోడియం లవణం 80% | చక్కెరతో చిగురుకు, వేరుకు | చిగురు మెలితిరగడం | మెలి ఒక రోజులో, చావు 2–3 వారాల్లో | 500 గ్రాములు (మొక్కజొన్న) |
| క్విజాలోఫాప్ ఇథైల్ 5% | చక్కెరతో, నెమ్మదిగా, గడ్డి మొవ్వుకు | మొవ్వు ఆకు అడుగు | 5–7 రోజుల్లో మొవ్వు ఊడుతుంది | 400 మి.లీ. |
| ఇమాజితాపిర్ 10% | రెండు దారులా | చిగురు | పెరుగుదల 2–3 రోజుల్లో ఆగుతుంది, చావు 10–20 రోజులు | 200 మి.లీ. |
| పైరిథయోబాక్ సోడియం 10% | రెండు దారులా | చిగురు | 10–15 రోజులు | 250 మి.లీ. |
| అసిఫ్లోర్ఫెన్ 16.5% + క్లోడినాఫాప్ 8% | మొదటిది కదలదు, రెండోది మొవ్వుకు | ఆకు మీద కాలిన మచ్చలు | 1–2 రోజులు, గడ్డికి వారం పైనే | 400 మి.లీ. |

మోతాదులు 200 లీటర్ల నీటికి. డబ్బా మీద వేరే శాతం ఉంటే మోతాదు మారుతుంది. పెండిమిథాలిన్ 38.7 శాతం దొరికితే 700 మి.లీ. చాలు. డబ్బా వెనక కాగితంలో మీ పైరు పేరు లేకపోతే ఆ మందు మీది కాదు.

## కదలని మందులు

పెండిమిథాలిన్ నేల పైపొరలో పరుచుకుని, మొలిచే గింజ దాన్ని దాటుతున్నప్పుడు పట్టుకుంటుంది. కణాలు రెండుగా చీలకుండా ఆపేస్తుంది. కొస ఉబ్బి ఆగిపోయిన వేరు, పక్క వేళ్లు వేయని వేరు దాని ఆనవాళ్లు. మందు పైకి పోదు గానీ దాని ఫలితం పైకి పోతుంది: వేరు లేని మొక్క భాస్వరం తీసుకోలేదు, కాండం ఎర్రగా, ఊదాగా తిరుగుతుంది. పత్తిలో అలా కనిపిస్తే పైపాటుగా ఎరువు వేసే ముందు రెండు మొక్కలు పెకిలించి వేళ్లు చూడండి. మోతాదు ఎక్కువై, పైపైనే విత్తనం పెట్టి, ఆ మీద వాన కొడితే పైరు గింజకూ ఇదే గతి. మందు గింజ లోతుకు దిగుతుంది. విత్తిన 24 నుంచి 48 గంటల్లో, తడి నేల మీద కొట్టాలి. మొలిచిన కలుపు మీద కొడితే డబ్బులు దండగ.

పారాక్వాట్ ఎండ మీద బతికే మందు. ఆకులో వెలుతురు పని జరిగే చోట చొరబడి కణాల పొరలను చింపేస్తుంది. పొరలు చిరిగాక చక్కెర గొట్టాలు కూడా పోయినట్టే, అంటే తాను నడవాల్సిన దారిని తానే కోసేసుకుంటుంది. తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు వరి కోసిన మాగాణుల్లో దుక్కి లేకుండా మొక్కజొన్న వేసేవాళ్లు విత్తిన రెండు రోజుల్లో దీన్ని అట్రజిన్‌తో కలిపి కొడతారు. వరి దుబ్బు పైన మాడినా కొన్ని చోట్ల అడుగు నుంచి పిలక లేస్తుంది. అది మందు కల్తీ వల్ల కానక్కరలేదు. దుబ్బు ఎత్తుగా కోసి, ముదురు దంట్ల మీదే మందు పడి, అడుగు కణుపుకు తగలకపోతే జరిగేది ఇదే. ఈ జాతి మందులకు తడవడమే ప్రాణం. నీళ్లు తగ్గించి తొందరగా కానిచ్చేస్తే చుక్క పడని ఆకులన్నీ తిరిగి పచ్చబడతాయి.

ఒక మాట. పారాక్వాట్ కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఖాళీ సీసా ఇంట్లో ఏ పనికీ ఉంచకండి, మూత తీసేటప్పుడు తొడుగులు తప్పనిసరి.

## పైకే పోయేది: అట్రజిన్

మొక్కజొన్న మొలక దీన్ని గ్లూటాథయోన్ అనే పదార్థానికి కట్టేసి విషం తీసేస్తుంది. చాలా కలుపు మొక్కలకు ఆ నేర్పు లేదు. వేరు తాగిన మందు నీటితో పోయి ఆకు అంచుల్లో పేరుకుంటుంది, ఎందుకంటే నీరు చివరికి ఆవిరయ్యేది అక్కడే. ఆకు పచ్చదనం పనిచేయడం ఆగుతుంది, తయారైన చక్కెర లేదు కాబట్టి వేరుకు పోయేదీ లేదు. ముదురు ఆకు అంచు ముందు పసుపు, తర్వాత గోధుమ. చిగురు చివరి దాకా పచ్చగా ఉంటుంది. మొక్కజొన్న కూడా నీళ్లు నిలిచి, చలి పట్టినప్పుడు విషం తీసే పని నెమ్మదించి కాస్త పసుపు తిరగొచ్చు.

తేలిక నేలకు 800 గ్రాములు, నల్లరేగడికి 1.2 కిలోలు. బంకమట్టి కొంత మందును పట్టేసుకుంటుంది కాబట్టి ఆ తేడా. అయితే మన రేగళ్లు క్షారం పాలు ఎక్కువున్నవి, అలాంటి నేలలో అట్రజిన్ విరిగి మాయమవడం ఆలస్యం. రబీ మొక్కజొన్న తీసి వేసవి పెసర వేసే ఆలోచన ఉంటే తక్కువ మోతాదుకే కట్టుబడండి. అనుమానం ఉంటే ఆ పొలం పైమట్టి ఒక కుండీలో, గట్టు మట్టి ఇంకో కుండీలో పోసి పది పెసర గింజలు వేయండి. మూడు వారాలు ఆగండి, పది రోజులకే తీర్పు చెప్పకండి. గింజలో తిండి ఉన్నంత కాలం మొలక అబద్ధం చెబుతుంది.

## కిందికి దిగేవి: ఇక్కడ తొందర పనికిరాదు

చక్కెర గొట్టాల్లో రసం క్షార గుణం ఉన్నది, బయటి రసం కాస్త పుల్లనిది. 2,4-డి లాంటి మందులు పుల్లటి చోట పొర దాటి లోపలికి జొరబడతాయి, లోపల క్షారంలో రూపు మారి బయటికి రాలేవు. ఎలుక బోనులో పడ్డట్టే. ఇక చక్కెర ఎటు లాక్కుపోతే అటు పోవాల్సిందే.

2,4-డి గమ్యం చేరాక పెరుగుదలను పిచ్చిగా రెచ్చగొడుతుంది. గొట్టాల పక్క కణాలు అడ్డదిడ్డంగా ఉబ్బి చక్కెర దారిని నొక్కేస్తాయి. కాండం మెలితిరిగి పగుళ్లిస్తుంది, వేరు ఆకలితో చస్తుంది. ఇందుకు టైం పడుతుంది. ఆగలేక మోతాదు రెట్టింపు చేస్తే పైభాగం ముందే చితికి, మందు కిందికి దిగదు, బహువార్షిక కలుపు నెల తిరక్కుండా మళ్లీ లేస్తుంది. మొక్కజొన్నలో విత్తిన 30 రోజులప్పుడు వెడల్పాకు కలుపుకు ఇది చవకైన మందు. కానీ గాలి వాలున పత్తి, మిర్చి, టమాటా ఉంటే జోలికి పోకండి. ఇథైల్ ఎస్టర్ రకమైతే ఆవిరిగా లేచి కూడా పోతుంది. ఇక్కడ సోడియం లవణమో అమైన్ లవణమో మేలు, అదీ గాలి లేని ఉదయం.

క్విజాలోఫాప్, ప్రొపాక్విజాఫాప్ గడ్డి జాతికే. ఎకరాకు మొదటిది 400 మి.లీ., రెండోది 10 శాతం ద్రావకం 250 మి.లీ. ఆకు మీద నూనెలా జారి లోపలికి పోతాయి, అక్కడ విడిపోయి ఆమ్లమై చక్కెరతో మొవ్వు అడుగుకు చేరతాయి. కొట్టిన వారానికి ఊద మొక్కను పట్టుకుని నడి ఆకు లాగండి. మందు పనిచేస్తే తడిసిన దారంలా ఊడి చేతికొస్తుంది, అడుగు గోధుమ రంగులో మెత్తగా కుళ్లి ఉంటుంది. పైఆకులు అప్పటికీ పచ్చగానే ఉంటాయి. ఇది చూడకుండా “గడ్డి చావలేదు” అని రెండోసారి కొట్టినవాళ్లే ఎక్కువ. మొవ్వు చచ్చాక చక్కెర పోయే చోటు లేక ఆకులో నిలుస్తుంది, అందుకే కొన్ని గడ్డి ఆకులు ఎర్రగా, ఊదాగా మారతాయి. ఆ రంగు కనిపిస్తే మందు అందింది అని అర్థం.

నేల బెట్టకు వచ్చి గడ్డి ముడుచుకున్నప్పుడు మాత్రం కొట్టకండి. మొవ్వు పెరగడం లేదంటే అది చక్కెర అడగడం లేదు, అడగని చోటికి మందూ రాదు. తడి ఇచ్చి మూడు నాలుగు రోజులాగి కొట్టండి.

ఇమాజితాపిర్, పైరిథయోబాక్ వేరు నుంచీ ఆకు నుంచీ లోపలికి పోతాయి, పైకీ కిందికీ నడుస్తాయి. మూడు అమైనో ఆమ్లాల తయారీని ఆపుతాయి: వాలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్. చిగురు ఎదగదు, ఆకు చక్కెరను ఎగుమతి చేయడం తగ్గుతుంది, కాబట్టి మందు కూడా తన వెనక తలుపు తానే వేసుకున్నట్టు అవుతుంది. మినుముకు ఇమాజితాపిర్ కొట్టాక వారం పది రోజులు పైరు లేతపసుపుగా, గిడసబారి ఉంటుంది. భయపడి జింకు, యూరియా, హ్యూమిక్ అన్నీ కలిపి కొట్టే పని లేదు, నీటి ఎద్దడి లేకపోతే తేరుకుంటుంది. దీని అసలు లోపం నేలలో నిలవడం. మినుము తీసి వెంటనే జొన్న, మొక్కజొన్న, కూరగాయలు వేసే నేలలో దీన్ని పక్కన పెట్టండి.

గ్లైఫోసేట్ అనే గడ్డి మందు గురించి క్లుప్తంగా: దుంపల దాకా దిగడంలో దీనికి సాటి తక్కువ. కానీ ఏ పచ్చదనాన్నీ వదలదు. పైగా 2022 అక్టోబరులో కేంద్రం దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. దీన్ని తట్టుకుంటుందని సంచుల్లో దొంగచాటుగా అమ్మే పత్తి విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. పత్తి వరసల మధ్య దీన్ని కొట్టే సలహా ఎవరిచ్చినా వినకండి.

## మీరు ఎవరైతే ఏది

మెట్ట పత్తి, నల్లరేగడి. మొదట పెండిమిథాలిన్. తర్వాత 20–25 రోజులకు కలుపు రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు గడ్డికి క్విజాలోఫాప్, వెడల్పాకుకు పైరిథయోబాక్. రెండూ ఉంటే రెండూ. పైరిథయోబాక్‌కు పత్తి ఆకులు పసుపు తిరగడం సహజం. కలుపు మోకాలెత్తు వచ్చాక ఈ జత మీద ఆశ వదులుకుని గుంటక తోలడం నయం.

మిర్చి. ఇక్కడ ఎంపిక చిన్నదే. నాటే ముందు పెండిమిథాలిన్, నాటిన 25–30 రోజులకు గడ్డి ఉంటే క్విజాలోఫాప్. పైరు మీద కొట్టి వెడల్పాకు కలుపును మాత్రమే చంపే నమ్మకమైన మందు లేదు, ఉందని అమ్మితే కొనకండి. అంతరకృషి, కూలీలే గతి. మిర్చిలో ఆకు ముడిచిందంటే తికమక సహజం. పైముడత అయితే తామర పురుగు, కిందముడత అయితే నల్లి. 2,4-డి తగిలిన చిగురు ఆకు పట్టీలా సన్నగా సాగి, ఈనెలన్నీ దగ్గరపడి పక్కపక్కన గీతలు గీసినట్టు ఉంటాయి, తొడిమ మెలితిరుగుతుంది. అద్దం పెట్టి చూసినా పురుగు ఉండదు. పొలంలో గాలి వచ్చే వైపు గట్టు దగ్గర ఎక్కువగా, లోపలికి పోయే కొద్దీ తక్కువగా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

వరి మాగాణి మినుము. విత్తిన 15–20 రోజులకు ఊద, వరి దుబ్బు, వెడల్పాకు కలిసి వస్తే రెండు ఎంపికలు. అసిఫ్లోర్ఫెన్ + క్లోడినాఫాప్ తొందరగా కనిపిస్తుంది. మినుము ఆకుల మీద కాలిన మచ్చలు పడతాయి, కానీ మందు కదలదు కాబట్టి తర్వాత వచ్చే ఆకు శుభ్రంగా వస్తుంది. నేలలో మిగులు బెడద తక్కువ. ఇమాజితాపిర్ నెమ్మది, పైరు గిడసబారుతుంది, కానీ బంగారు తీగ మొదలైన పొలంలో దీనిదే పైచేయి. బంగారు తీగకు వేరు లేదు, మినుము కాండంలోకి గుచ్చి దాని చక్కెరను తాగుతుంది. చక్కెర దారిలో నడిచే మందు ఆ తీగలోకి కూడా పోతుంది. తగిలిన చోటే ఆగే మందుకు తీగ ముక్క మిగిలితే చాలు, మళ్లీ పాకుతుంది. తీగ ఇప్పటికే పందిరల్లుకుంటే మందు మాట మరచి ఆ మేర మొక్కలతో సహా పీకి తగలబెట్టండి.

తుంగ పట్టిన మొక్కజొన్న. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం, ఎకరాకు 36 గ్రాములు. ఎప్పుడు కొట్టాలన్నదే కీలకం. తుంగ మొలిచిన కొత్తలో చక్కెర దుంప నుంచి ఆకుకు వస్తుంటుంది, అప్పుడు మందు ఎదురీదాలి. మరీ ముదిరి పూత కొస్తే ఆకు పనే తగ్గిపోతుంది. నాలుగైదు ఆకులు గట్టిపడి, ఆకు సంపాదించి దుంపకు పంపడం మొదలైనప్పుడు కొట్టండి. ఆ తర్వాత వారం పది రోజులు గుంటక తోలకండి. తోలితే ఆకుకూ దుంపకూ మధ్య తాడు తెంచినట్టే.

## కలపడం, నీళ్లు, ట్యాంకు

అసిఫ్లోర్ఫెన్ + క్లోడినాఫాప్‌లా ముందే కలిపి అమ్మేది పక్కన పెడితే, కదలని మందును, దిగే మందును మనమే ఒకే ట్యాంకులో పోస్తే మొదటిది రెండోదాని దారి మూసేస్తుంది. క్విజాలోఫాప్‌ను 2,4-డితో కలిపితే గడ్డి మీద పని తగ్గుతుంది, రోజులు విడగొట్టి కొట్టాలి. కాలువ నీళ్లు బురదగా ఉంటే పారాక్వాట్, గ్లైఫోసేట్ ఒండ్రుకే అంటుకుపోయి ఆకు దాకా రావు. డ్రమ్ములో రాత్రంతా తేర్చి పైనీళ్లు వాడండి. వాన విషయంలో పారాక్వాట్‌కు అరగంట దాటితే చాలు, క్విజాలోఫాప్ లాంటి గడ్డి జాతి మందులకు ఒకటి రెండు గంటలు, గ్లైఫోసేట్‌కు ఆరు గంటలు తెరిపి కావాలి.

2,4-డి వాడిన ట్యాంకు నీళ్లతో తొలిస్తే పోదు. రబ్బరు పైపులో, వాషర్లలో దాక్కుంటుంది. మూడుసార్లు నీళ్లతో కడిగి, లీటరుకు 10 మి.లీ. అమ్మోనియా కలిపిన నీళ్లు నిండా పోసి, కొంచెం నాజిల్ ద్వారా వదిలి, రాత్రంతా నిలవ ఉంచి మర్నాడు మళ్లీ కడగాలి. అంత ఓపిక లేకపోతే గడ్డి మందుకు వేరే ట్యాంకు పెట్టుకోండి. పత్తికి పురుగు మందు కొట్టిన మూడో రోజు చేను మొత్తం, గాలి వాలుతో సంబంధం లేకుండా సమానంగా మెలితిరిగితే తప్పు పక్క రైతుది కాదు, మీ ట్యాంకుది.

తగిలింది తక్కువైతే పత్తి తట్టుకుంటుంది. మెలితిరిగిన తలలు 15–20 సెంటీమీటర్లు తుంచేసి, లీటరుకు 10 గ్రాముల యూరియా కలిపి పిచికారి చేయండి, నేల తడి తగ్గనివ్వకండి. కింది కొమ్మల నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. వాటిలో మొదటి రెండు ఆకులు కూడా వంకరగానే రావొచ్చు, మందు ఇంకా చక్కెరతో అక్కడికి చేరుతూనే ఉంటుంది. మూడో ఆకు వెడల్పుగా విచ్చుకుంటే చేను దున్నేయనక్కర్లేదు.